నూరు దాటని మడమలు

"...నీలం డబ్బాలో వెయ్యండి, ఎర్రదాంట్లో కాదు," అంది ఆగమ్మ, పొయ్యి మీంచి పాలు దించుతూ.

ఆమె భర్త చేతిలో దువ్వెనతో గుమ్మంలో నిలబడిపోయాడు. ఏ డబ్బా, ఏం వెయ్యడం అన్నది తట్టడానికి అతనికి కాస్త సమయం పట్టింది. నిన్న సాయంత్రం పాత మేకులు ఎందులో సర్దాలని అతనే అడిగాడు. ఆమె "మేకులన్నీ" అని మొదలుపెట్టేలోగా ఫోన్ మోగింది. ఫోన్ తర్వాత వంట, వంట తర్వాత పక్కింటావిడ, ఆ పైన నిద్ర. పన్నెండు గంటలు గడిచాక వాక్యం ఇప్పుడు పూర్తయింది.

"కాస్త ముందూ వెనకా చెప్పవే. నేను బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి, జ్యోతిష్కుణ్ణి కాదు."

"మీరు అడిగినదానికే కదండీ చెప్పాను!"

"అడిగినప్పుడు చెప్తే సమాధానం అంటారు. తెల్లారాక చెప్తే కలవరింత అంటారు."

ఆమె పాలగిన్నె మీద మూత పెట్టి, కిటికీ మూసి, నీళ్ల సీసా సంచిలో వేసుకుని, దారిలో అతని చొక్కా గుండీ ఒకటి సరిచేసి, ఎక్కడా ఆగకుండా చెప్పులు తొడుక్కుంది. అతను ముప్పై మూడేళ్లుగా చూస్తూనే ఉన్నాడు, ఈ మనిషి ఏ పనీ మరిచిపోగా చూడలేదు. పూర్తి చెయ్యడానికి ఒక్కోసారి నెల పట్టొచ్చు. మరిచిపోవడం మాత్రం లేదు.

"సాయంత్రం అయిదింటికి స్కూటర్ మీద వస్తాను. చివరి ట్రిప్పు కదా, టికెట్ అడగనులే," అన్నాడతను.

ఆమె నవ్వుతూ మెట్లు దిగింది.

ఆగమ్మ ఆమె అసలు పేరు కాదు. ఆఫీసులో పెట్టిన పేరు. ఎవరు బల్ల దగ్గరికి వచ్చినా తల ఎత్తకుండానే అరచెయ్యి పైకెత్తి "ఆగు" అంటుంది. ఎదురుగా ఉన్న చిత్తుకాగితం మీద నాలుగు ముక్కలు గీకుతుంది: ఎన్నో వరసలో ఉన్నాను, మనసులో ఏ అంకెలు పట్టుకుని ఉన్నాను, తర్వాత ఏం చెయ్యాలి. అప్పుడు కలం పక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఆ, ఇప్పుడు చెప్పు" అంటుంది. ఆ రాతకు పట్టేది పది సెకన్లు. రాసుకోకపోతే మళ్లీ దారిలో పడడానికి పావుగంట. ఈ బేరంలో లాభం ఎటుందో లెక్క కట్టడం రానివాళ్లే ఆమెను చూసి నవ్వారు. వాళ్లు నవ్వినందుకు ఆమెకు కోపమూ రాలేదు, ఆ పది సెకన్లు ఆమె మానుకోనూ లేదు.

పొట్టి మనిషి, కాస్త లావు. పాపిట దగ్గర వేలెడు వెడల్పున నెరుపు. మోచేతుల దగ్గర పలచబడిన ఊదారంగు స్వెట్టరు. రంగుల దుకాణం పైన రెండో అంతస్తులో ఆఫీసు. ఇరవై రెండు మెట్లు, పద్నాలుగో మెట్టు అంచు విరిగింది. లోపల ఎనిమిది బల్లలు, వెనక పరీక్షల గది, అందులో ఒక పాత అల్లిక యంత్రం. ఆ సంస్థ చేసేది ఒకటే సరుకు: అల్లిక యంత్రాలకు బుర్ర. చెప్పుల పెట్టె అంత రేకుపెట్టె, దానికో చిన్న తెర, లోపల ఒక ప్రాసెసర్. ఆ ప్రాసెసర్‌లో తక్కిన ప్రోగ్రాములన్నిటికీ కింద ఉండే ప్రోగ్రామ్, అంటే కెర్నెల్, ఆగమ్మ రాసినది. అందులోనూ నడిబొడ్డున ఉన్న ముక్కను ఆమె తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ముక్క చేసే పని ఆమెకు చదువులో కన్నా ముందే, అమ్మ దుకాణంలో తెలిసింది. అమ్మకు ఒకటే త్రాసు. గిరాకీ సమయంలో ఎదురుగా అయిదుగురు. ఒకామెకు పప్పు తూస్తుండగా ఇంకొకామె తొందరపెడుతుంది. అమ్మ సగం తూచిన పొట్లాన్ని పక్కన పెట్టేది. ఒట్టి పొట్లం కాదు, అప్పటిదాకా పళ్లెంలో ఉన్న రాళ్లు కూడా ఆ పొట్లం మీదే పెట్టేది. ఇంకా ఎంత వెయ్యాలో గోరుతో కాగితం మీద గీటు పెట్టేది. రెండో ఆమె పని కాస్త అయ్యాక పొట్లం, రాళ్లు, గీటు మూడూ తిరిగి త్రాసు మీదికి వచ్చేవి. మొదటి ఆమెకు తనని మధ్యలో ఆపారన్న సంగతే తెలిసేది కాదు, తన పప్పు తనకు సరిగ్గా వచ్చేది.

ప్రాసెసర్ కూడా అంతే. ఉన్నది ఒక్కటి, పనులు అయిదు: సూదులు కదపాలి, దారం బిగువు చూడాలి, మడమ ఎక్కడ రావాలో కట్టాలి, మీటలు వినాలి, తెర మీద చూపాలి. సెకనుకు వెయ్యిసార్లు లోపల గంట కొడుతుంది. గంట కొట్టగానే ఆగమ్మ రాసిన ముక్క లేచి, నడుస్తున్న పనిని ఉన్నపాటున ఆపుతుంది. ఆ పని చేతుల్లో ఉన్న అంకెలు పదహారు, ప్రాసెసర్‌లోని పదహారు అరల్లో ఉంటాయి, ఆ అరలనే రిజిస్టర్లు అంటారు. వాటినన్నిటినీ ఆ పనికే సొంతమైన దొంతర మీద ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ఎక్కడ ఆగిందో ఆ గుర్తునూ వాటితో పాటే ఉంచుతుంది. దొంతర పైభాగం ఎక్కడుందో ఆ పని పేరిట ఉన్న గడిలో రాస్తుంది. తర్వాతి పని గడి చూసి, దాని దొంతర విప్పి, దాని అంకెలు దాని చేతిలో పెట్టి, నడవమంటుంది. ఆగిన పనికి ఆగానని తెలియదు. లేచిన పనికి పడుకున్నానని తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ ముక్క ఒక్క అంకె కూడా పోగొట్టలేదని ఆఫీసంతా చెప్పుకునేది. ఆగమ్మ పైకి ఏమీ అనేది కాదు గానీ లోలోపల ఆ మాట ఆమెకు మహా ఇష్టం.

ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. గొడవ లేకుండా బల్ల సర్దుకుని పోవాలనుకుంది. పది గంటలకు మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి.

వచ్చినవాడు మేజోళ్ల మిల్లు మేస్త్రి. పెద్ద గొంతు, పెద్ద చేతులు, భుజాన గోనెసంచి. తిన్నగా యజమాని గదిలోకి వెళ్లి, సంచి బల్ల మీద బోర్లించి, ఒక మేజోడు చేతికి తొడిగి గాల్లో ఆడించాడు.

"చూడండి సార్! మడమ ఎక్కడుందో చూడండి. పిక్క మీద! పిక్క మీద మడమ ఉన్న మనిషి మీ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి, వాడికి ఊరికే ఇస్తా."

నవ్వు ఆపుకోలేక యజమాని నోట్లోంచి పెన్ను మూత జారింది. వెంటనే ముఖం గంభీరంగా పెట్టాడు, ఎందుకంటే మేస్త్రి నవ్వడం లేదు.

"నెలరోజుల్లో ఇలాంటివి పదకొండు. వేలల్లో పదకొండే కదా అంటారు మీరు. కొన్నవాడికి అది ఒక్కటే కదా సార్. మా వాళ్లు తేల్చేశారు. సాయంత్రంలోగా కారణం చెప్పకపోతే నలభై పెట్టెలూ విప్పి వ్యానులో వేసి మీ మెట్ల కింద దింపేస్తాం."

నలభై పెట్టెలంటే ఆ సంస్థ సరుకులో సగం. యజమాని చూపు గది దాటి, చివరి బల్ల దగ్గర కూర్చున్న కొత్తమ్మాయి మీద పడింది. నెల క్రితం తెర మీద కొత్త అంకె పెట్టింది ఆ అమ్మాయే. మొత్తం ఆర్డరులో ఎంత అల్లడం అయిందో శాతంలో చూపించే అంకె. మిల్లువాళ్లే అడిగి పెట్టించుకున్నారు.

"ఇలా రామ్మా. నువ్వు ఆ శాతం పెట్టకముందు ఇది లేదు. పెట్టాక వచ్చింది. ఇంతకంటే తేలిక లెక్క ఇంకేముంది?"

"సార్, నేను తెర మీద ఒక అంకె వేశానంతే. సూదుల జోలికే పోలేదు. మడమ జోలికి అసలే పోలేదు."

"పోకుండానే వచ్చిందా?"

"నాకు... నాకు తెలియదు సార్."

"ఈ నెలాఖరుకి నీ ఉద్యోగం గడువు అయిపోతుంది కదా. అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాడు యజమాని. మంచివాడే. భయపడ్డప్పుడు మాత్రం దగ్గర్లో ఉన్నవాళ్ల మీద చెయ్యి వేస్తాడు.

అమ్మాయి ముక్కు ఎర్రబడింది. ఇంట్లో తమ్ముడి చదువు, అమ్మ మందులు తన మీదే ఉన్నాయని భోజనాల దగ్గర ఒకసారి అంది, ఆగమ్మ అది కూడా ఎక్కడో రాసి పెట్టుకుంది.

"ఆగండి," అంది ఆగమ్మ గుమ్మంలోంచి. "ఆ సంచి ఇటివ్వండి."

"ఈవేళ మీకెందుకు ఆగమ్మగారూ ఈ బెడద? మీకు కేకు చెప్పాం," అన్నాడు యజమాని.

"కేకు నాలుగున్నరకి కదండీ. ఇప్పుడు పదింపావు."

పదకొండు మేజోళ్లు తన బల్ల మీద వరసగా పరిచింది. మొన లేని సూది ఒకటి తీసుకుని, అంచు నుంచి మడమ మొదలయ్యేదాకా ఒక్కో వరస లెక్కపెట్టసాగింది. ఆ సైజుకు మడమ నూట నలభయ్యో వరసలో రావాలి. కొత్తమ్మాయి పక్కన నిలబడి చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. మేస్త్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, వెళ్లమన్నా వెళ్లేలా లేడు.

"అరవై ఒకటి. ముప్పై నాలుగు. డెబ్బై రెండు. పంతొమ్మిది. ఎనభై ఎనిమిది. ఇది... ఏడు."

"ఏడా?" అన్నాడు మేస్త్రి. "అయితే అది మేజోడు కాదమ్మా, టోపీ."

ఈసారి అతనే ముందు నవ్వాడు. అమ్మాయికి కూడా నవ్వు వచ్చింది, ముక్కు చీదుకుంది.

"నలభై అయిదు. తొంభై మూడు. యాభై రెండు. ఇరవై ఆరు. ఎనభై."

ఆగమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. వ్యాపారం ఇంట్లో పుట్టినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. అంకెలు ఎలా ఉన్నాయో చూసే ముందు అవి ఎక్కడ ఆగిపోయాయో చూస్తారు. ఈ అంకెలు ఎటు పడితే అటు చెదిరి ఉన్నాయి. కానీ ఒట్టి చెదురే అయితే నూటపది, నూటముప్పై కూడా ఒకటి రెండైనా తగలాలి. నూరు దాటినది ఒక్కటీ లేదు. నూరు దగ్గర బుద్ధిగా ఆగిపోయే అంకె ఒకటుంది.

"అమ్మాయ్, నీ శాతం ఎంతవరకు పోతుంది?"

"నూరు వరకే మేడమ్. ఇంకెక్కడికి పోతుంది?" అంటూనే ఆ అమ్మాయి కాగితం కేసి చూసి నోరు మూసుకుంది. ముఖం పాలిపోయింది. "అయ్యో. నా అంకెలే."

"దాన్ని దశాంశాల్లో కడతావా?"

"ఆ. అరవై ఒకటి పాయింట్ మూడు, అలా."

"సరే. నువ్వు వెళ్లి అన్నం తినిరా. ఏడవకు. ఏడిస్తే ఉప్పు ఎక్కువవుతుంది."

అందరూ వెళ్లాక ఆగమ్మ ఒక్కతే తన పాత ఫైలు తెరిచింది. ఎవరూ తెరవని ఫైలు, నాలుగు వందల పన్నెండు వరసలు. ఏం కనిపిస్తుందో ఆమెకు చూడకముందే తెలిసిపోయింది, అయినా ఒక్కో వరసా కిందికి జరుపుతూ పోయింది. నూట ఎనభయ్యో వరస దగ్గర, తను రాసుకున్న మాట తనకే ఎదురుపడింది.

'దశాంశాలు వాడేది మడమ పని ఒక్కటే. కాబట్టి ఆ ముప్పై రెండు అరలూ దాచనక్కర్లేదు. జాగా మిగిలింది.'

కింద తన పొడి అక్షరాలు, తేదీ. పంతొమ్మిదేళ్ల క్రితం.

మామూలు అంకెలకు పదహారు అరలు ఉన్నట్టే, అప్పుడు కొత్తగా వచ్చిన ప్రాసెసర్‌లో దశాంశాలకు విడిగా ముప్పై రెండు అరలు ఉన్నాయి. వాటినీ దొంతర మీదికి ఎక్కించి దించే కోడ్ రాయాలంటే ఇంకో గంట పని. వాడేది ఒకే పని అయినప్పుడు ఎవరి నుంచి దాచాలి? తూకం అక్కర్లేని బేరానికి రాళ్లు దాచే అలవాటు అమ్మకూ లేదు. లెక్క సరిగ్గానే ఉంది, ఆ రోజుకు. రేపు ఇంకొకరు కూడా ఆ అరలు వాడొచ్చన్నది లెక్కలోకి రాలేదు.

మరి ఆ గంట ఎందుకు మిగుల్చుకుందో కూడా ఆమెకు ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. ఆ రోజు నాలుగున్నరకి పాప బడిలో నాటకం. పాపది మేఘం వేషం. నాలుగింటికి బల్ల మీంచి లేచి, పరుగులాంటి నడకతో వెళ్లి, మూడో వరసలో కూర్చుంది. దూది అంటించిన అట్టలోంచి ముఖం బయటపెట్టి పాప రెండు వాక్యాలు ఒక్క మాట తప్పకుండా చెప్పింది.

ఫోన్ మోగింది. కూతురే. పళ్లడాక్టరు దగ్గర సహాయకురాలు, భోజనం వేళలో ఫోన్ చేస్తుంది.

"అమ్మా, సాయంత్రం ఎన్నింటికి వస్తావు? నేనూ వస్తున్నా ఇంటికి."

"అయిదున్నరకి. ఏమే, నువ్వు మూడో తరగతిలో మేఘం వేషం వేశావు, గుర్తుందా?"

"నేనా? మేఘమా? చెట్టు కాదూ?"

"చెట్టేంటే! మేఘం. దూది నేనే అంటించాను."

"ఏమోనమ్మా. నాకేం గుర్తులేదు. ఎందుకు?"

"ఊరికే. నాకు గుర్తుందిలే, అది చాలు," అని ఆగమ్మ ఫోన్ పెట్టి, పగలబడి నవ్వింది. పంతొమ్మిదేళ్లు మోసిన సరుకు, కొన్నవాళ్లకే గుర్తులేదు.

తర్వాత నవ్వు ఆపి అసలు తూకం వేసింది. ఒక పళ్లెంలో: మాట్లాడకుండా పన్నెండు వరసలు దిద్దితే చాలు. శాతం పెట్టాకే కదా వచ్చిందని అందరూ అమ్మాయినే అనుకుంటారు, తను ఒక్క అంకె పోగొట్టని మనిషిగానే మెట్లు దిగుతుంది. అడిగేవాడు లేడు, ఆ ఫైలు చదవగలిగినవాడూ లేడు. రెండో పళ్లెంలో ఎర్రబడిన ముక్కు ఒకటి. ఇంత చిన్న రాయి ఇంత కిందికి లాగుతుందని ఆమె అనుకోలేదు. లేచి యజమాని గదికి వెళ్లింది. మేస్త్రి అక్కడే ఉన్నాడు, తిని వచ్చిన అమ్మాయిని కూడా పిలిచింది.

"తప్పు దొరికింది. అమ్మాయిది కాదు. నాది."

యజమాని పెన్ను మూత నోట్లోంచి తీశాడు. "చివరిరోజున ఇలాంటివి ఎందుకండీ నెత్తిన వేసుకోవడం?"

"రేపయితే వేసుకుందామన్నా నేనుండను కదా."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అర్థమయ్యేలా చెప్పమ్మా. మా వాళ్లకి నేను చెప్పుకోవాలి."

"ఇద్దరు పనివాళ్లకి ఒకే పలక ఉందనుకోండి. ఒకతను మడమ నూట నలభై అని పలక మీద రాసుకున్నాడు. అది చూసి చిట్టాలో ఎక్కించేలోగా గంట కొట్టింది, పక్కకెళ్లాడు. రెండో ఆమె వచ్చి తన లెక్క కట్టుకుంటూ అదే పలక మీద అరవై ఒకటి రాసి వెళ్లింది. మొదటతను తిరిగొచ్చాడు. నా పలకే కదా అని అరవై ఒకటే ఎక్కించాడు. మడమ పిక్క మీద కూర్చుంది."

"మరి ఆమెదే కదా తప్పు? చెరిపింది ఆమే కదా?"

"కాదు. మధ్యలో ఆపినప్పుడు ఎవరి పలక వాళ్లకి దాచి ఇస్తానని మాట ఇచ్చింది నేను. అందరూ ఆ నమ్మకం మీదే రాసుకుంటున్నారు. పదహారు అరలు దాచాను. ఈ పలకొకటి వదిలేశాను."

"రోజూ ఎందుకు తప్పట్లేదు మరి?"

"అతను రాయడానికీ ఎక్కించడానికీ మధ్య సందు సెకనులో లక్షో వంతు ఉంటుంది. మేజోడుకి ఒక్కసారి. సరిగ్గా ఆ సందులోనే గంట కొట్టాలి."

మేస్త్రి తల పంకించాడు. "పంతొమ్మిదేళ్లు సందులో దాక్కున్నాడన్నమాట దొంగ."

"దొంగ కాదండీ. తలుపు వెయ్యడం మరిచిన ఇంటామె. దొంగతనం చెయ్యడానికి ఎవరూ లేక ఇన్నాళ్లు గడిచింది."

"మరిచారా? మీరా?" అన్నాడు యజమాని, నమ్మలేనట్టుగా.

"మరవలేదు, తెలిసే వదిలాను. అది ఇంకా పెద్ద తప్పు. సరే, మిగతాది రాశాక మాట్లాడదాం. అమ్మాయ్, రా. నువ్వే కొట్టాలి."

"నేనా మేడమ్? ఆ ఫైలులోనా?"

"సోమవారం నుంచి ఇంకెవరు కొడతారు?"

ముందు జబ్బు కళ్లారా చూడాలి. తెరను ఊపిరాడకుండా శాతం కడుతూ ఉండమన్నారు, మడమ లెక్కను కావాలనే నెమ్మది చేశారు. పరీక్షల గదిలోని పాత యంత్రం గిరగిర తిరుగుతూ పది మేజోళ్లు అల్లింది. వాటిలో మూడు మేజోళ్లకు మడమ పిక్క మీద వచ్చింది. తప్పు దొరికినందుకు ముగ్గురూ పెళ్లి సంబంధం కుదిరినంత సంతోషపడ్డారు. తర్వాత అమ్మాయి మొదటి అర నుంచి ముప్పై రెండో అర దాకా దొంతర మీదికి ఎక్కించే వరసలు కొట్టింది. దించే వరసలూ కొట్టింది. ఆగమ్మ వెనక నిలబడి చూసింది, పెదవి బిగించి, ఏమీ అనకుండా. యంత్రం మళ్లీ తిరిగింది. ఈసారి మేజోడుకు మడమే రాలేదు. గొట్టం వస్తూనే ఉంది, గజం దాటినా ఆగలేదు.

"ఇది బాగుంది," అన్నాడు మేస్త్రి. "ఏనుగు తొండానికి తొడగొచ్చు."

"మేడమ్, ఏమైంది?"

"కంచాల దొంతరలో చివర పెట్టింది ఎక్కడుంటుంది?"

"పైన... ఓ!" అమ్మాయి నుదురు కొట్టుకుంది. ఎక్కించిన వరసలోనే దించింది. ఒక అరలోని అంకె ఇంకో అరలో పడింది.

"మీకు ముందే తెలుసు కదా! చెప్పొచ్చు కదా!"

"చెప్తే నీకు సోమవారం దాకా గుర్తుంటుంది. తొండం చూశావు కాబట్టి ముసలిదానివయ్యేదాకా గుర్తుంటుంది. నా మొదటి తొండం పొడవు చూస్తే నువ్వు నన్ను గౌరవించేదానివే కాదు."

చివరి అర నుంచి మొదటి అర దాకా దించేలా మార్చారు. యంత్రం మళ్లీ గిరగిరలాడింది. ఒక్కో మేజోడు పళ్లెంలో పడగానే మేస్త్రి అందుకుని లెక్కపెట్టి అరిచేవాడు. నూట నలభై. నూట నలభై. నూట నలభై. పదో మేజోడు దాటాక యజమాని కూడా వచ్చి కూర్చున్నాడు. ఇరవై దాటాక రంగుల దుకాణం వాడు, ఈ కేకలేమిటో చూద్దామని పైకి వచ్చి, కారణం తెలియకుండానే తనూ "నూట నలభై" అనడం మొదలుపెట్టాడు. ముప్పయ్యోది పడేసరికి గదిలో అందరి గొంతూ బొంగురుపోయింది.

"పెట్టెలు ఎక్కడివక్కడే ఉంటాయి," అన్నాడు మేస్త్రి చేతులు దులుపుకుని. "రేపు ఈ అమ్మాయిని పంపండి సార్, నలభైలోనూ ఇదే వేస్తుంది. ఈ అమ్మాయే రావాలి. ఇంకొకరొస్తే తొండం వస్తుందని భయం నాకు."

యజమాని అమ్మాయి వైపు చూసి, ఆ చూపు నిలపలేక పెన్ను మూత కోసం జేబు తడుముకున్నాడు. "పొద్దున అన్నది... మనసులో పెట్టుకోకమ్మా. గడువూ లేదు గిడువూ లేదు. సోమవారం ఆగమ్మగారి బల్ల నీదే."

"పొద్దున ఏమన్నారు సార్?" అంది అమ్మాయి. ముక్కు మళ్లీ ఎర్రబడింది, ఈసారి వేరే కారణానికి.

పాత మాటను ఏం చెయ్యాలని అమ్మాయి అడిగింది. నూట ఎనభయ్యో వరసలో ఉన్న 'జాగా మిగిలింది'. ఆగమ్మ దాన్ని మరోసారి చదివింది. కొట్టెయ్యమంది. దాని చోట అమ్మాయి తన మాట రాసింది: 'ఎవరు ఏ అర వాడతారో మనకు తెలియదు. అన్నీ దాచాలి.' కింద ఎవరి పొడి అక్షరాలు వెయ్యాలా అని తటపటాయించింది. "నీవే," అంది ఆగమ్మ. "రేపు తప్పయితే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా."

పాప నాటకం కోసం ఆ రోజు ఓ గంట పని వదిలేసిన సంగతి ఆగమ్మ చెబితే విని, అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "మేడమ్, ఆ గంట ఆ రోజే కూర్చుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదని మీకు బాధగా లేదా?"

ఆగమ్మ నిజంగానే లెక్క వేసి చూసింది. పదకొండు మేజోళ్లు, ఒక పగలు, నలుగురి కంగారు, తన పేరు మీద ఒక మచ్చ. ఇటువైపు ఒక దూది మేఘం, రెండు వాక్యాలు.

"ఉహూఁ. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ నాలుగింటికే లేస్తాను. కాకపోతే మర్నాడు వచ్చి ఆ గంట కూర్చుంటాను. చెయ్యాల్సింది అది."

కేకు కోశారు. క్రీము ఎక్కువ, కేకు తక్కువ. యజమాని రెండు ముక్కలు మాట్లాడబోయి, నాలుగు కుర్చీలతో తనూ ఆగమ్మా సంస్థ మొదలుపెట్టిన సంగతి దాకా వచ్చి, పెన్ను మూత నోట్లో పెట్టుకుని, మిగతాది మేస్త్రిని చెప్పమన్నాడు. మేస్త్రి ఆమెను చూసింది ఆ పొద్దునే. అయినా చిన్నప్పటినుంచి ఎరిగినవాడిలా పావుగంట పొగిడాడు. ఆఫీసు తరఫున ఒక అట్టపెట్టె చేతికిచ్చారు. ఆమె తెరిచి చూసి, "చాలా బాగుంది" అని బల్ల మీద పెట్టింది. అందరి చేతులకూ క్రీము అంటి ఉండడంతో కరచాలనాలు మోచేతులతో జరిగాయి.

అయిదింటికి కింద స్కూటర్ హారన్ రెండుసార్లు మోగింది. ఆ వెంటనే, ముప్పయ్యేళ్లు బస్సు తలుపు దగ్గర అరిచి అరిచి పదునెక్కిన గొంతు: "దిగేవాళ్లు దిగాలి! దిగేవాళ్లు దిగాలీ!"

ఆఫీసంతా నవ్వింది. ఆగమ్మ కంప్యూటర్ ఆపలేదు, అమ్మాయి దాని ముందు కూర్చుని ఉంది. స్వెట్టరు వేసుకుంది, నీళ్ల సీసా సంచిలో వేసుకుంది, మేస్త్రి దగ్గర ఆ పదకొండు మేజోళ్ల గోనెసంచి అడిగి పుచ్చుకుంది. "ఇవెందుకమ్మా?" అంటే, "మా ఆయన పిక్కలు చూడలేదు మీరు" అంది. అమ్మాయి లేచి నిలబడబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. పద్నాలుగో మెట్టు దగ్గర జాగ్రత్తగా పక్కకు అడుగు వేసి, దిగిపోయింది. కింద ఏదో మాట, ఏదో నవ్వు, స్కూటర్ బయలుదేరిన చప్పుడు. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి, మిగతా బళ్ల చప్పుడులో కలిసిపోయింది.

పైన అందరూ తలో పనికి మళ్లారు. యజమాని ఫోన్లో ఎవరితోనో నూట నలభై సంగతి చెబుతున్నాడు. మేస్త్రి మిగిలిన కేకు తింటున్నాడు. కొత్తమ్మాయి తల తిప్పినప్పుడు గానీ ఎవరూ చూడలేదు. బల్ల చివర, ఏదీ మరిచిపోని ఆగమ్మకు కానుకగా ఇచ్చిన అట్టపెట్టె అలాగే ఉండిపోయింది, మూత తెరిచి. లోపల గోడగడియారం, గాజు మీద పలచటి ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు, వెనక టేపుతో అంటించిన బ్యాటరీ ఇంకా వెయ్యలేదు, దుకాణంవాడు ఎలా నిలబెట్టాడో అలాగే, రెండు ముళ్లూ పదీ పది దగ్గర రెండు చేతులూ చాచుకుని ఉన్నాయి.